చిట్టికన్నుని చూసుకో

లిపోవెట్స్,
మే నెల, ఆదివారం

ఒటీలియా వదినగారికి, యేసయ్యకు స్తోత్రం.

మీరు ఫోను ఠక్కున పెట్టేశారు. సరే. ఉత్తరాన్ని అలా పెట్టేయడం కుదరదు కదా, చించేస్తే తప్ప. మీరు చించరని నాకు తెలుసు. ఎదుటివాళ్ళ మాటలో తప్పు పట్టందే మీకు నిద్రపట్టదు. అందుకే రాస్తున్నాను.

ఫోనులో చెప్పిందే మళ్ళీ చెప్తున్నాను. పెరట్లో ఉన్న ఆ కొలనుని పూడ్చేస్తాను. మీ తమ్ముడు పోయాక ఈ ఇల్లు నాది, పెరడు నాది, ఆ గుంటా నాదే. మిమ్మల్ని అనుమతి అడగడం లేదు, మర్యాదకి చెప్తున్నాను. నవంబరులో సమాధుల పండక్కి వచ్చి, పెరట్లో నుంచుని ఏదీ ఏదీ అని వెతుక్కోకూడదని.

చిట్టికన్నట, చిట్టికన్ను! మన దేశంలో పెరటి కొలనుకి ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ వాడు ఒక్కనాడైనా పాచి తీసి ఉండడు. కన్నైతే చూడాలి. ఇది చూడదు, దోమల్ని కనడం మాత్రం కంటుంది. ఊళ్ళో ప్రతివాడూ తవ్వుతున్నాడని మీ తమ్ముడు లుడ్విక్ కూడా తవ్వాడు. అడుగున నల్ల ప్లాస్టిక్ షీటు పరిచాడు, చుట్టూ రాళ్ళు పేర్చాడు, అంచున గాలం పట్టుకున్న ప్లాస్టరు మరుగుజ్జు బొమ్మని కూర్చోబెట్టాడు. వాడి ముక్కు విరిగి ఏళ్ళైంది. ఎండాకాలం పాచి తీసిందెవరు? నేను. చలికాలానికి ముందు రాలిన ఆకులు వలేసి తోడిందెవరు? నేను. పైన గడ్డకడితే చేపలకి గాలాడాలని గొడ్డలితో చిల్లు కొట్టిందెవరు? ఇంకెవరు, నేనే. మీ తమ్ముడు బెంచీ మీద కూర్చుని, ఎంత బాగుందో చూడు, అనేవాడు. కూర్చున్నవాళ్ళకి అన్నీ బాగానే ఉంటాయి.

ఫోను పెట్టేసేముందు నా ఆరోగ్యం అడిగారు. బాగానే ఉన్నాను. ఒక్కదానికి పొయ్యి వెలిగించడం దేనికని రొట్టె మీద ఇంత ఉల్లిపాయ పెట్టుకుని నుంచునే తినేస్తున్నాను. ఒక్కోరోజు అదీ మర్చిపోతాను. కోళ్ళు క్షేమం.

మీ మరదలు
గెనోవెఫా


తోరున్,
మే నెలాఖరు

గేన్యా,

చదివాను. చించలేదు. తప్పులు పట్టాలంటే ఎర్రసిరా చాలదు కాబట్టి ఆ పని కూడా మానుకున్నాను.

లుడ్విక్ సమాధి మీద మట్టి ఇంకా కుంగలేదు. అది కుంగి గట్టిపడితే గానీ రాయి పెట్టకూడదంటున్నారు. అప్పుడే నువ్వు పార పట్టుకుని రెండో గుంటకి తయారయ్యావా? మొగుణ్ణి ఒకసారి పూడ్చింది చాలలేదా నీకు?

మా అమ్మ పోయేనాటికి వాడు నా నడుం దాకా కూడా లేడు. వాడి ముక్కు తుడిచింది నేను, బడికి పంపింది నేను, నీతో పెళ్ళికి టై కట్టింది నేను. రోజంతా పంచదార ఫ్యాక్టరీలో బాయిలర్ల దగ్గర ఉడికి ఇంటికొచ్చినవాడు సాయంత్రం కాసేపు నీళ్ళ పక్కన కూర్చుంటే నీ కళ్ళు కుట్టాయా? వాడికి ఈ లోకంలో తనదంటూ ఉన్నది అదొక్కటే.

పోనీ, ఛైర్మన్ సంగతేంటి? ఆ క్రిస్మస్ నేనూ అక్కడే ఉన్నాను, మర్చిపోకు. విందుకని తెచ్చి స్నానాల తొట్టిలో వదిలిన కార్పు చేప. వాడు సుత్తి పట్టుకుని లోపలికెళ్ళాడు, ఎంతకీ రాడు. చివరికొచ్చి, "అక్కా, అది నాకేసే చూస్తోందే," అన్నాడు. ఆ ఏడు మనం ఉప్పు చేపలతో పండగ చేసుకున్నాం. వాడు చలిలో బకెట్టు మోసుకెళ్ళి, మంచు పగలగొట్టి, దాన్ని కొలనులో వదిలొచ్చాడు. కదలకుండా కూర్చుని నోరు తెరవడం, మూయడం తప్ప ఏమీ చెయ్యదని ఛైర్మన్ అని పేరు పెట్టాడు. ఎంత నవ్వాం! ఇప్పుడు ఆ నోట్లో మట్టి కొడతావా?

ఒకటే మాట. నువ్వు ఆ చిట్టికన్నుని పూడిస్తే నేను మీ గడప తొక్కను. సమాధుల పండక్కి తిన్నగా శ్మశానానికొచ్చి, దీపం పెట్టి, అట్నుంచటే పోతాను.

ఇంకో కారణం కూడా ఉంది. అది నీకు చెప్పను. చెప్పే అవసరం తెచ్చుకోకు.

ఒటీలియా


లిపోవెట్స్,
జూన్, వాన పడుతున్న రోజు

వదినగారికి,

గడప తొక్కనన్నారు. గడపకి కబురు చెప్పాను, తట్టుకుంటానంది.

మీరొక్కరే దాచుకోగలరనుకోకండి. నా దగ్గరా ఒకటుంది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, పాపసంకీర్తనంలో ఫాదరుకి కూడా చెప్పలేదు. ఎందుకంటే అది నా పాపం కాదు.

ఆ కొలను ఉన్నచోట, వంటింటి కిటికీ ఎదురుగా, ఏముండేదో గుర్తుందా? నల్ల ఎండుద్రాక్షలాంటి పుల్లపళ్ళ పొదలు. మా అమ్మవి. పెళ్ళయి వస్తున్నప్పుడు ఆ కొమ్మలు కోసి తడిగుడ్డలో చుట్టి నా ఒళ్ళో పెట్టింది. మాకు పొలాల్లేవు, నగల్లేవు, అవే ఇచ్చింది. మీరు ఇక్కణ్ణించి తీసుకెళ్ళి దగ్గుకి తాగిన పళ్ళరసం వాటిదే.

కీళ్ళనొప్పులకి డాక్టరు నన్ను నావెంచుఫ్ ఆరోగ్యనిలయానికి పంపిన ఏడు, నేను అక్కడ బురదస్నానాలు చేస్తుంటే మీ తమ్ముడు ఇక్కడ గొయ్యి తవ్వాడు. నేనొచ్చిన రోజున గేటు దగ్గరే నా కళ్ళు మూసి పెరట్లోకి నడిపించాడు. "తెరువు!" అన్నాడు. తెరిచాను. నీళ్ళు. ఇరుగుపొరుగు అందరూ కేకు ముక్కలు పట్టుకుని నిలబడి ఉన్నారు. "పొదలేవి?" అన్నాను. "ముసలి పొదలు కదా, పీకి కాల్చేశాను. కొట్లో ఎన్ని సీసాల జామ్ కావాలన్నా దొరుకుతుంది," అన్నాడు. సంతోషంతో మొహం వెలిగిపోతోంది మహారాజుకి.

అందరూ చూస్తున్నారు. నవ్వాను. ఏం చెయ్యను మరి!

మీ తమ్ముడు చెడ్డవాడని అనను. చెయ్యెత్తలేదు, తన పేరిటి పునీతుడి పండగకి తప్ప తాగలేదు. కానీ అడగలేదు. "గేన్యా, ఇవి తీసెయ్యనా?" అని ఒక్క మాట అడగలేదు. మీకిది చిన్నదిగా కనిపించొచ్చు. ప్రతిరోజూ ఆ కిటికీ దగ్గర గిన్నెలు తోమినదాన్ని నేను. నాకిది చాలు.

కాబట్టి పూడుస్తాను. పూడ్చి అక్కడ పొదలు పెడతాను.

ట్రాక్టరున్న పక్కింటి రోమాన్‌ని మట్టి తెమ్మన్నాను. తల గోక్కున్నాడు. "గేన్యక్కా, చిట్టికన్ను పూడిస్తే ఇంటికి అరిష్టమంటారు."

"ఎవరంటారు?"

"అంటే... నేనే అంటున్నా."

"నీ ట్రాక్టరు పోయినేడు నా కంచె గుద్దింది చూడు, అదీ అరిష్టమంటే," అన్నాను. తెస్తానన్నాడు.

ఛైర్మన్ కావాలంటే చెప్పండి, పీపాలో పెట్టి రైలెక్కిస్తాను. మీ నాలుగో అంతస్తులో స్నానాల తొట్టిలో పెట్టుకుని పొద్దున్నే లేచి దాని మొహం చూస్తూ తమ్ముణ్ణి తలుచుకోండి. మేత ఖర్చు కూడా ఉండదు. ఇన్నేళ్ళలో దానికి ఎవరూ మేత పెట్టిన పాపాన పోలేదు, దోమపిల్లల్ని తినే అంత బలిసింది.

గెనోవెఫా


తోరున్,
జులై

గేన్యా,

పొదల సంగతి నాకు తెలీదు. వాడు చేసింది తప్పే. బతికుంటే చెవి మెలిపెట్టి ఉండేదాన్ని. కానీ లేడు. పొదలకి బదులు పగ తీర్చుకోవాలంటే వాడు బతికుండగా తీర్చుకోవలసింది. అప్పుడు నవ్వి, ఇప్పుడు మట్టి పోస్తావా? లేనివాడి మీద గెలిచి ఏం బావుకుంటావు?

చెప్పే అవసరం తెచ్చుకోవద్దన్నాను. తెచ్చావు. విను.

ఆసుపత్రిలో ఆ చివరి రోజు నువ్వు కోళ్ళకి మేత వెయ్యాలని ఇంటికెళ్ళావు. నిన్ను తప్పు పట్టడం లేదు, ఎవరికి తెలుసు ఆ రోజే అని. పక్కన నేనున్నాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పుడు చీకటికి భయపడి పట్టుకునేవాడే, అలాగే. పట్టుకుని, "అక్కా, చిట్టికన్నుని చూసుకో," అన్నాడు. నేను చూసుకుంటానన్నాను. అదే వాడి ఆఖరి మాట. నువ్వొచ్చేసరికి అయిపోయింది.

ఇదీ ఆ రెండో కారణం. నేను మాటిచ్చాను. నాలుగో అంతస్తులో కూర్చుని మీ ఊళ్ళో కొలనుని ఎలా చూసుకోను? నువ్వున్నావు కదా అనుకున్నాను. దానికి కాపలా నువ్వే అనుకుంటే దాని మీదికి పారెత్తుకొచ్చింది నువ్వే.

పూడిస్తే మీ ఆయన ఆఖరి కోరిక మీద మట్టి పోసినట్టే. ఇక నీ ఇష్టం.

ఒటీలియా


లిపోవెట్స్,
ఆగస్టు

వదినగారికి,

చదివాను. చాలాసేపు బెంచీ మీద కూర్చున్నాను, అవును, ఆయన బెంచీ మీదే. లేచి రోమాన్ ఇంటికెళ్ళి మట్టి పొయ్యమన్నాను.

ఆఖరి కోరికట. బతికుండగా కోరినవన్నీ జరిగాయి ఆయనకి. చచ్చాక కూడా నేనే తీర్చాలా? నా కోరిక ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? ఏడ్చాను, ఎందుకు అబద్ధం చెప్పాలి? ఏడుస్తూనే మరుగుజ్జుని పీకి కోళ్ళగూటి వెనక పడేశాను. ఛైర్మన్‌ని, మిగతా చేపల్ని రోమాన్ వాళ్ళ పశువుల చెరువులో వదిలాం. ఛైర్మన్ వెనక్కి కూడా చూడలేదు. మీ తమ్ముడి మీద దానికంత మమకారం ఉన్నట్టు లేదు.

మిగతాది కూడా చెప్తాను. ఎలాగూ ఎవరో ఒకరు మీకు మోస్తారు. అడుగునున్న షీటు తియ్యకుండా, చిల్లైనా పొడవకుండా మట్టి పోయించాను. నీళ్ళు సగం తోడాం కదా చాల్లే అనుకున్నాను. ఆ వారమంతా కుంభవృష్టి. నీళ్ళు దిగడానికి దారేదీ? ఇప్పుడది కొలనూ కాదు, నేలా కాదు, పెద్ద ఊబి. నిన్న కోడిపెట్ట ఒకటి దిగబడితే నిచ్చెన వేసి తీశాను. రబ్బరు బూటు ఒకటి లోపలే ఉండిపోయింది. ఊరంతా గేటు దగ్గరికొచ్చి చూసిపోతున్నారు. "కన్ను మూత పడనంటోంది, గేన్యక్కా," అంటాడు రోమాన్. వాణ్ణి కూడా అందులో దింపుదునా అనిపించింది.

నవ్వుకోండి. కానీ మానను. మట్టంతా మళ్ళీ తోడి బయట పోస్తాను. షీటు ముక్కలుగా కోసి లాగేస్తాను.

ఒక్కటి అడుగుతాను, సరిగ్గా చెప్పండి. ఆయన ఏమన్నాడు? మీరు అనుకున్నది కాదు, ఆయన నోటమ్మట వచ్చింది. ఒక్క ముక్క పోకుండా రాయండి.

గెనోవెఫా


తోరున్,
సెప్టెంబరు మొదటివారం

గేన్యా,

నవ్వుకున్నాను. ఇరుగుపొరుగు తలుపు తట్టేదాకా నవ్వుకున్నాను. లుడ్విక్ ఒప్పుకోలేదే అమ్మాయ్! వాడు పైనుంచి కుండలతో వాన పోస్తుంటే నువ్వు రోమాన్ ట్రాక్టరుతో ఏం గెలుస్తావు? బూటు కూడా తీసుకున్నాడు చూశావా! మావాడు చిన్నప్పట్నుంచీ మొండి. నీలాంటి మొండిదాన్నే వెతికి చేసుకున్నాడు.

నీ మోకాళ్ళకి ఆ పనేంటి? ఉన్నదున్నట్టు వదిలెయ్యి. రెల్లు మొలిపిద్దాం. ఊబి కూడా చూడ్డానికి బాగానే ఉంటుంది.

ఒక్క ముక్క పోకుండా అన్నావు. ఎందుకో తెలీదు గానీ రాస్తున్నాను, అది నాకు దేవుడి మాటలా గుర్తుంది. "అక్కా, నా చిట్టికన్నుని చూసుకో. పక్కన ఎవరూ లేకపోతే తినదు." అంతే. చేపల సంగతి. ఆ స్థితిలో కూడా వాడికి చేపల ఆకలే! నేను, "పెడతాలేరా," అన్నాను. అందుకే ఛైర్మన్‌ని చెరువులో వదిలావంటే నా కడుపు రగిలిపోయింది. అక్కడ దాని పక్కన ఎవరున్నారు?

ఒటీలియా


లిపోవెట్స్,
సెప్టెంబరు, బంగాళాదుంపలు తవ్వడం అయ్యాక

వదినా,

ఇన్నాళ్ళూ మీరు, మీరు అన్నాను. మోకాళ్ళ దాకా బురదలో దిగాక ఆ మర్యాదలు నావల్ల కావు. నువ్వు అంటాను. కోపమొస్తే రానీ.

నువ్వు పట్నంలో పెరిగావు, పట్నంలోనే ముసలిదానివయ్యావు. ఆయన పోయింది ఫిబ్రవరిలో. చలికాలం మంచు కింద చేపలు తినవు. ఫిబ్రవరిలో కొలనులో మేత వేసేవాడు పిచ్చివాడు. లుడ్విక్‌కి ఎన్ని వంకలున్నా అంత తెలీనివాడు కాదు. ఎండాకాలంలో కూడా వాటికి ఒక్క రొట్టెముక్క వెయ్యలేదు ఎప్పుడూ. ఇది నీకు జూన్‌లోనే రాశాను, నువ్వు నా తప్పులు వెతికే హడావిడిలో చదవలేదు.

ఇప్పుడు నేను నీకు రాయనిది వినుకో. ఆయన సైన్యంలో ఉన్నప్పుడు నాకు రాసే ఉత్తరాలన్నీ "నా చిట్టికన్నూ" అని మొదలయ్యేవి. పెళ్ళయ్యాక కూడా నాకదే పేరు. నీ ముందు మాత్రం గెనోవెఫా అనేవాడు, అక్కంటే సిగ్గు కదా. కొలను తవ్వాక ఆ పేరు దానికి పోయింది. ఒకరోజు ఫ్యాక్టరీ నుంచి వచ్చి చొక్కా విప్పుతూ, "చిట్టికన్ను ఎలా ఉంది?" అన్నాడు. పొయ్యి దగ్గరున్నాను, "బాగానే ఉన్నాను," అన్నాను. "నువ్వు కాదే, కొలను," అని పకపకా నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటా. మళ్ళీ ఆ మాటకి ఎప్పుడూ బదులు పలకలేదు. పొదలు పోయినందుకు కాదు వదినా, అసలు మంట అక్కడుంది. నా పేరు తీసి ఓ గుంటకి పెట్టాడు.

ఇప్పుడు నువ్వు ఇది రాశావు. తినదట. పక్కన ఎవరూ లేకపోతే తినదట. ఈ ఇంట్లో ఒంటరిగా కూర్చుని తిననిది ఎవరు? ఆయన రెండో షిఫ్టులో ఉంటే గిన్నె మూతపెట్టి కూర్చునేదాన్ని, వచ్చి తిట్టేవాడు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గుమ్మంలో కూర్చుని మూడోసారి చదివాను.

అంతలోనే ఒళ్ళు మండింది కూడా. ఆ మాట నాతో అనడానికి ఏం రోగం? ఒక్కసారి నా మొహం చూసి అంటే అరిగిపోతాడా? అక్కతో చెప్పి చక్కా పోయాడు. ఆ అక్కేమో దాన్ని చేపకి అంటగట్టింది! ఆయన చెప్పింది నా గురించో, నిజంగా ఆ గుంట గురించో కూడా ఒట్టేసి చెప్పలేను. మీ తమ్ముడి మాట ఎప్పుడు తిన్నగా ఉంది గనక? పోయినవాణ్ణి లేపి అడగలేం.

అడగక్కర్లేదు కూడా. ఎటైనా సరే, నేను పూడుస్తున్నాను. గుంట గురించే అన్నాడా, నా పెరడు నా ఇష్టం, ఆయన తిట్టుకోనీ. నా గురించే అన్నాడా, అయితే నాకు నా పొదలు కావాలి.

మట్టి బయటికి తోడాను. షీటు లాగేశాను. అడుగున ఇప్పుడు పచ్చి నేల కనిపిస్తోంది. రాళ్ళన్నీ కింద పరిచాను, నీళ్ళు దిగడానికి. రోమాన్ కొత్త మట్టి తెచ్చి గేటు దగ్గర పోసి పోయాడు. ట్రాక్టరు లోపలికొస్తే ఆ మెత్తనేల్లో దిగబడుతుంది, చేత్తోనే ఎత్తాలి. ఒక్కదాన్ని ఎత్తలేను వదినా. ఇది బతిమాలడం కాదు, మోకాళ్ళు అలా అంటున్నాయి.

నువ్వు మాటిచ్చానన్నావు. చిట్టికన్నుని చూసుకుంటానని ఆయన చెయ్యి పట్టుకుని ఒప్పుకున్నావు. ఇదిగో, ఆ చిట్టికన్ను నేనే. నిజమో కాదో నువ్వే తేల్చుకో. నిజమనుకుంటే, మాట మీద నిలబడేదానివైతే, రా. పార తెచ్చుకో.

గేన్యా


తోరున్,
అక్టోబరు

గేన్యా,

నేను ఒప్పుకున్నానని అనుకోకు. కొలను బాగుండేది. ఆ మరుగుజ్జుని కూడా అలా విసిరెయ్యాల్సింది కాదు, తుడిచి షెడ్డులో పెట్టు, నేనొచ్చి చూస్తాను.

నీ ఉత్తరానికి జవాబు రాద్దామని మూడు వారాలుగా కూర్చుంటున్నాను, లేస్తున్నాను. ఆ రోజు వాడు నా చెయ్యి పట్టుకుని తలుపు కేసి చూశాడు. నువ్వు వెళ్ళిన తలుపు. కిటికీ కేసి కాదు. నేను చూశాను, చూసి కూడా చేప అనుకున్నాను. ఇంతకన్నా రాయలేను, కాగితం తడిసిపోతోంది.

శుక్రవారం బయల్దేరి వస్తున్నాను. గడప తొక్కనన్నాను కాబట్టి పెరటి గేటు తీసి ఉంచు, అట్నుంచి వస్తాను. బస్టాపుకి రోమాన్‌ని పంపించు. పార కొన్నాను, రైల్లో దాంతో ఎక్కితే జనం ఏమనుకుంటారో నాకు అనవసరం. సంతలో నల్లపళ్ళ మొక్కలు కూడా తీసుకున్నాను. మీ అమ్మవి కావు, తెలుసు. నాటడానికి ఇదే సమయమట. తడిగుడ్డలో చుట్టాను.

వాడి సమాధి మట్టి వసంతం దాకా కుంగుతుందట, నీ గుంట కూడా అంతేనని అడిగి తెలుసుకున్నాను. కుంగినప్పుడల్లా పైన మళ్ళీ పొయ్యాలి. కాబట్టి తొందరగా వెళ్ళిపోతాననుకోకు.

ఉల్లిపాయ, రొట్టె నా ముందు పెడితే ఊరుకోను. బల్ల దగ్గర కూర్చుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా నా ఎదురుగా తింటావు. అది వాడు నాకు అప్పజెప్పిన పని. పొయ్యి వెలిగించి ఉంచు.

ఒటీలియా